అస్తరు చెప్పిన నాటకచరిత్ర

నటి కన్నుమూసి తొంబదియేండ్లు దాటినను ఆమె రంగముపై ఎట్లు మెలగెనో చెప్పగల సాక్షి యొకటి ఇంగ్లండులోని ఒక పల్లెయింట మిగిలియున్నది. అది ఆమె తొడిగిన ఉడుపు. అట్టి ఉడుపులను విప్పి, తిరగవేసి, కుట్టుకుట్టును పరికించి పాతకాలపు ప్రదర్శనలను తెలిసికొను విద్య నేడు బలపడుచున్నది. మన సురభి పెట్టెలకును, కూచిపూడి కిరీటములకును ఆ విద్యతో పనియున్నది.

1889వ సంవత్సరమున ఒకనాటి ఉదయము లండను నగరములోని చెల్సీ పేటలో టైట్ వీథి వానకు తడిసి ముద్దయై యుండెను. ఆకసమంతయు మసకలు క్రమ్మి, ఇండ్లగోడల వెంట నీరు కారుచు, చూచువారి మనసులకు దిగులు తప్ప మరేమియు పుట్టింపని ఆ వేళ, ఒక నాలుగుచక్రముల అద్దెబండి ఆ వీథిలో ప్రవేశించెను. అందులో కూర్చున్నది స్కాట్లండు దేశపు రాణి. పచ్చయో నీలమో తేల్చి చెప్పరాని వన్నెతో మిలమిలలాడు నిలువుటంగీతో, రాజవైభవముతో ఆమె ఆ ఇరుకుబండిలో కొలువుతీరి యుండుటను ఆ వీథిలోనే కాపురమున్న ఆస్కార్ వైల్డ్ చూచి, ఇట్టి దర్శనము లభించిన వీథి ఇకమీదట తక్కిన వీథులవంటిది కాజాలదనియు, అందులో ఏ క్షణమున ఏ వింత ఎదురగునో యని కనిపెట్టుకొని యుండవలసినదే యనియు చమత్కరించెను.

ఆ రాణి ఎలెన్ టెరీ (1847–1928), ఆనాటి ఇంగ్లీషు రంగస్థలమునకు తలమానికమైన నటి. హెన్రీ ఇర్వింగ్ నడపుచుండిన లైసియం నాటకశాలలో 1888 డిసెంబరు 29న ఆరంభమైన 'మాక్బెత్' నాటకమున ఆమె లేడీ మాక్బెత్ పాత్రను ధరించుచుండెను. పగటివేళ అదే వేషముతో చిత్రకారుడు జాన్ సింగర్ సార్జెంట్ చిత్రశాలకు పోవుచుండెను. సార్జెంట్ వ్రాసిన చిత్తరువు నేడు లండనులోని టేట్ బ్రిటన్ చిత్రశాలలో నున్నది. ఉడుపు కెంటు మండలములో టెంటర్డెన్ చెంతనున్న స్మాల్‌హైత్ ప్లేస్ అను ఆమె సొంతయింటిలో నున్నది. ఒకే స్త్రీని గూర్చి, ఒకే పాత్రను గూర్చి సాక్ష్యమిచ్చుచున్న ఈ రెండును ఒకే మాట చెప్పుట లేదు.

మనకు మిగిలినవి, మిగులనివి

ఏటేట మార్చి 27న ప్రపంచ రంగస్థల దినోత్సవమును, కందుకూరి వీరేశలింగము పంతులుగారి జయంతియగు ఏప్రిల్ 16న తెలుగు నాటకరంగ దినోత్సవమును వచ్చును. వచ్చినప్పుడెల్ల సభలలోను, పత్రికలలోను పాత నాటకమును గూర్చిన ప్రసంగము సాగును. ఆనాటి మహానటులు ఎట్లు ఆడెడివారు, ఎట్లు పాడెడివారు అని పెద్దలు తలపోసికొందురు. పాడుటను గూర్చి మనకు కొంత నిదర్శనము కలదు. గ్రామఫోను పళ్ళెములు కొన్ని దక్కుటచే పద్యము ఎత్తుకొన్న తీరు, రాగము సాగదీసిన తీరు నేటికిని వినవచ్చును. నాటకముల ప్రతులు అచ్చులో నున్నవి. ఛాయాచిత్రములలో నటులు ఊపిరి బిగబట్టి కెమెరా యెదుట నిలువబడియున్నారు. అయితే రంగముపై నడచినదెట్లు, కూర్చున్నదెట్లు, మోకరిల్లి లేచినదెట్లు, ఏ బరువును మోయుచు ఏ వేడిని సహించుచు మూడుజాములు నిలిచినదెట్లు అని అడిగినచో గొంతు పలికిన పళ్ళెమును, అచ్చుపడిన ప్రతియును, బిగుసుకొన్న ఛాయాచిత్రమును ఒక్కటియు బదులు చెప్పవు. శరీరమునకు అంటుకొని, శరీరముతోపాటు చెమర్చి, శరీరముతోపాటు అరిగిన వస్తువు ఒక్కటే ఆ ప్రశ్నకు ఉత్తరమీయగలదు.

భరతముని అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగుగా విభజించినప్పుడు వేషభూషలకు ఒక పాదమును కేటాయించెను. చరిత్రకారులు మాత్రము చాలకాలము ఆ పాదమును ఉపేక్షించి, వేషమును నాటకమునకు పైపూతగా భావించిరి. ఆ భావము తలక్రిందులగుటకు ఎలెన్ టెరీ ఉడుపు ఒక చక్కని దృష్టాంతము.

చిత్తరువు కోరిక, ఉడుపు కాయకష్టము

సార్జెంట్ చిత్తరువున లేడీ మాక్బెత్ రెండుచేతులతో కిరీటమును తలపై కెత్తి, కన్నులు విప్పార్చి, తనకు తానే పట్టము కట్టుకొనుచున్నట్లు నిలిచియున్నది. చూచినవారు మరువలేని భంగిమ అది. కాని షేక్స్పియరు రచనలో అట్టి ఘట్టము లేదు. లైసియం ప్రదర్శనములోను అది లేదు. తాను నటనలో ప్రకటింపగోరినదంతయు సార్జెంట్ ఆ చిత్తరువున స్ఫురింపజేసెనని టెరీయే తన ఆత్మకథలో భావము వచ్చునట్లు చెప్పుకొనెను. అనగా ఆ చిత్తరువు నటి కోరికకు సాక్షి. ప్రేక్షకుడు చూచినదానికి సాక్షి కాదు.

ఉడుపు సంగతి వేరు. ఆ నాటకము లైసియమున 150కి పైగా రాత్రులు ఆడెను. అన్ని రాత్రులును ఆ యంగీ టెరీ భుజములనుండి వ్రేలాడి, ఆమె అడుగుల వెంట రంగపు పలకలపై జీరాడి, గ్యాసుదీపముల వేడిలో నలిగినది. దారము సాగిన చోటనెల్ల బరువు లాగిన గుర్తు కలదు. అంగీపై కుట్టిన పురుగురెక్క రాలిన చోటనెల్ల రాపిడి కలిగిన గుర్తు కలదు. చిత్రకారుడు తనకు నచ్చనిదానిని వదలివేయవచ్చును, బట్ట దేనినియు వదలదు.

ఒక ఉడుపు పుట్టిన కథ

ఈ వేషమును కల్పించినది అలిస్ కొమిన్స్ కార్. కుట్టించినది ఏడా నెటిల్‌షిప్. వారి సంకల్పము విచిత్రమైనది: ఉడుపు మెత్తని గొలుసుకవచమువలె నుండవలెను, దానితోపాటు పాము కుబుసము తలపునకు రావలెను. ఫ్రెంచి పండితుడు వియొలె-ల్-ద్యూక్ వ్రాసిన బొమ్మనుబట్టి పదుమూడవ శతాబ్దపు నిలువుకోత నిర్ణయించిరి. ఆకుపచ్చని పట్టునూలును నీలపు లోహపుతీగెతో పెనవేసిన దారమును బొహీమియానుండి తెప్పించి క్రోషా అల్లికగా అల్లించిరి. అంతయు ముగిసినపిదప తొడిగి చూడగా అంగీ అందముగనే వ్రేలాడెను, కాని తగినంత మెరయలేదు. అప్పుడు అలిస్‌కు ఒక విందులో లేడీ రాండాల్ఫ్ చర్చిల్ ధరించిన గౌను స్మరణకు వచ్చెను. దానినిండ పచ్చని పురుగురెక్కలు పొదిగియుండెను. అదే ఉపాయమును ఇక్కడను ప్రయోగించి, నిజమైన పురుగుల రెక్కలను సుమారు వేయి తెచ్చి ఆ యల్లికపై కుట్టించిరి. అంచుల వెంట కెంపులు, వజ్రములు పొదిగినట్లు కనబడు రాళ్ళతో కెల్టిక్ పద్ధతి అల్లికలను దిద్దిరి.

ఈ వృత్తాంతమున నాటకచరిత్రకు అక్కరకు వచ్చు అంశములు రెండు కలవు. మొదటిది, వేషము ముందుగా గీచిన బొమ్మప్రకారము ఒక్కసారిగా అవతరించినది కాదు. రంగపు వెలుగున నిలిపి, చాలదని తెలిసికొని, మరల దిద్దినది. రెండవది, రెక్కలు అలంకారముకొరకు గాక దీపముకొరకు చేరినవి. ఇర్వింగ్ విద్యుద్దీపములకన్న గ్యాసుదీపములనే మక్కువగా వాడెడివాడు. ఆ వెలుగు మెత్తగా, వణకుచు ప్రసరించును. టెరీ కదలిన ప్రతి క్షణమున ఒక్కొక్క రెక్క ఒక్కొక్క కోణమున వెలిగి యారుచుండగా వెనుకవరుసలోని ప్రేక్షకునికి సైతము రాణి దేహముపై పాము మెదలినట్లు తోచియుండును. నిలకడయైన విద్యుత్కాంతిలో గాజుపెట్టెలోపల నిలిపిన ఉడుపును చూచువారు ఈ సంగతిని తామై ఊహించుకొనవలెను.

వైల్డ్ మరియొక చమత్కారమును ఇచ్చట స్మరింపవచ్చును. మాక్బెత్ దొరసాని మగనికిని నౌకర్లకును ఊరి నేతబట్టలనే కొనిపెట్టి పొదుపు పాటించుచున్నదని, తన బట్టలకు మాత్రము బైజాంటియము బజారులకు పోవుచున్నదని ఆయన ఎకసక్కెమాడెను. ఎకసక్కెమే కావచ్చును, కాని అందులో ఒక సాక్ష్యమున్నది: రంగముపై తక్కినవారందరు ముతకవన్నెలలో నుండగా ఆమె యొక్కతె వెలిగిపోవుచుండెను. నటనలో ఎవరు ఎవరిని అణచిరో ఊహించుటకు ఆ వర్ణభేదమొక ఆధారము.

> జీరంగి రెక్కల వెలుగు
>
> మన పల్లెలలో పిల్లలు తుమ్మచెట్లపై పట్టి అగ్గిపెట్టెలలో దాచుకొను జీరంగి పురుగు టెరీ ఉడుపునకు రెక్కలిచ్చిన మెరపురుగుల వంశములోనిదే. దీని రెక్కకప్పుల పచ్చదనము రంగుపదార్థము వలన కలిగినది కాదు. పైకప్పులోని అతిసూక్ష్మమైన పొరలు కాంతిని తిరిగి పంపు తీరువలన కలిగినది. అందుచే అద్దకపు రంగులు ఎండకు వెలిసినను ఈ రంగు వెలియదు. పందొమ్మిదవ శతాబ్దమున మద్రాసు, కలకత్తా వంటి చోట్ల సన్నని మల్లుబట్టపై ఈ రెక్కలను జలతారుతో కలిపి కుట్టి ఐరోపా స్త్రీల గౌనులకై ఎగుమతి చేసెడివారు. లండను విందులలో రెక్కల గౌనులు మోజుగా మారుటకు మూలము ఈ పనితనమే.

బ్రైటన్ బల్లపై వేయిమూడువందల గంటలు

టెరీ స్మాల్‌హైత్ ఇంటిని 1899లో కొనెను. 1928లో అక్కడనే కన్నుమూసెను. కుమార్తె ఎడిత్ క్రెయిగ్ మరుసటియేడే దానిని స్మారకశాలగా తెరచి, 1939లో నేషనల్ ట్రస్టు అను సంస్థకు అప్పగించెను. ఎడిత్ స్వయముగా నాటకపు ఉడుపులను కుట్టించు వృత్తిలోనిది. కావుననే అమ్మ తొడిగిన బట్టలను చింకిపేలికలని పారవేయక పదిలపరచెను. ప్రపంచమున ఎక్కడ చూచినను పాత వేషములు మిగులుటకు ఇట్టి ఒక మనిషి మొండిపట్టే కారణమగుచుండును.

కాలక్రమమున అల్లిక సాగి, రెక్కలు విరిగి రాలి, అంగీ రూపము చెడెను. బ్రైటన్‌లోని జెంజీ టింకర్ పరిరక్షణశాలవారు దానిని బల్లపై పరచి, సుమారు 1,300 గంటలు శ్రమించి బాగుచేసిరి. 2011లో అది ఇల్లు చేరెను. అందుకైన వ్యయము 1,10,000 పౌనులు. రాలినప్పుడెల్ల ఏరి దాచిన రెక్కలను యథాస్థానముల కుట్టిరి; విరిగిన నూరింటిని సన్నని జపాను కాగితపు ముక్కలపై గోధుమగంజితో అతికిరి. మారిపోయిన పొడుగుచేతుల ఆకృతిని, నేలనంటు అంచును తొలినాటి తీరునకు తెచ్చిరి.

ఇక్కడ ఒక ధర్మసంకటము కలదు. టెరీ తన వేషములను మరల మరల వాడుకొనెడిది, వాడుకొన్నకొలది దిద్దించెడిది. తొలిరాత్రి రూపమునకు తెచ్చినచో నడుమనున్న మార్పులు కనుమరుగగును. మార్పులను ఉంచినచో సార్జెంట్ చూచిన ఉడుపు కానరాదు. తాళపత్రములను పరిష్కరించు పండితునికి మూలపాఠము కావలయునా, ప్రతి వ్రాసినవారు చేర్చిన పాఠాంతరములు కావలయునా యను సంశయము వచ్చినట్లే ఇదియు. పరిష్కర్త యెట్లు పాఠాంతరములను అడుగున చూపునో, పరిరక్షకుడు అట్లే తాను విప్పిన ప్రతి కుట్టును విప్పకముందు ఫొటో తీసి, వ్రాసి యుంచును. విప్పుటలో తెలిసినదే తరువాతివారికి చరిత్ర.

మేలిముసుగు తీసి లోపలివైపు

పరిశోధకునకు వేషపు ముందువైపుకన్న లోపలివైపు విలువైనది. ముందువైపు ప్రేక్షకునికొరకు చేసినది. అందు కొంత మాయ తప్పదు. లోపలివైపును ఎవ్వరును చూడరను ధైర్యముతో దర్జీ తన తొందరను, పొదుపును, దిద్దుబాటును దాచకుండ వదలివేయును. అందుచే పరిశోధకులు మొదట అస్తరును పరికింతురు. పిమ్మట కుట్టు చేతిదో యంత్రపుదో చూతురు. పోగులను సూక్ష్మదర్శినిలో పరీక్షించి పట్టో, ఉన్నియో, నూలో నిర్ణయింతురు. ఎక్స్‌కిరణములతో జరీలోని లోహమేదో తేల్చుదురు. కడకు కొలతలు తీసి, అదే బట్టతో, అదే కోతతో ఒక నకలు కుట్టించి, నటునికి తొడిగించి నడిపింతురు. ఎక్కడ చేయి లేవదో, ఎక్కడ అడుగు కురుచయగునో, ఎన్ని నిముషములకు ఊపిరి బరువగునో అప్పుడు తెలియును.

> గుర్తు ఒకటి, అర్థము ఒకటి
>
> చంకలో చెమటచార: ఈ వేషము చాలసార్లు తొడిగినది, పాత్ర శ్రమతో కూడినది.
>
> మోకాళ్ళ వద్ద అరుగుదల: మోకరిల్లుట లేక నేలపై పడుట ఉన్న ఘట్టము.
>
> బొత్తాముల చాటున హుక్కులు: బొత్తాములు చూపునకు, హుక్కులు త్వరగా విప్పుటకు, తెర వెనుక వేషము మార్చుకొను వ్యవధి తక్కువ.
>
> నడుమున విప్పి కుట్టిన మడతలు: ఒకరి వేషము మరియొకరికి సంక్రమించినది.
>
> కంఠపుటంచున రంగుమరక: ముఖమున పూసిన వన్నె ఏదో రసాయనపరీక్షతో తేలును.
>
> వెనుకవైపు ముతకబట్ట: పాత్ర ప్రేక్షకులకు వీపు చూపుట అరుదు.

మరచిపోయిన నృత్యమును బట్టలు గుర్తుచేసిన విధము

1913 మే 29న పారిస్ నగరములోని షాంజెలీజే నాటకశాలలో దియాగిలెవ్ నడపిన 'బాలే రూస్' బృందము 'వసంతాభిషేకము' అనదగిన నృత్యరూపకమును తొలిసారి ప్రదర్శించెను. స్ట్రావిన్‌స్కీ సంగీతము, నిజిన్‌స్కీ నృత్యరచన, నికొలస్ రోరిఖ్ వేషరచన. ఆనాటి సభలో రేగిన అల్లరి లోకప్రసిద్ధము. నిజిన్‌స్కీ కూర్చిన ఆ నృత్యమును కొద్దిసార్లు మాత్రమే ఆడిరి, తరువాత మూలపడెను. ఏడేండ్ల పిమ్మట మరల ఆడదలచినప్పుడు అడుగులు పూర్తిగా జ్ఞప్తియున్నవారు లేక నృత్యరచయిత మస్సీన్ క్రొత్తగా నృత్యము కూర్పవలసి వచ్చెను. నృత్యము పోయెను, వేషములు మాత్రము నిలిచెను.

అవి నిలిచిన విధము గూడ ఒక కథ. 1929లో దియాగిలెవ్ వెనిస్ నగరమున మరణించిన వెనుక ఆ బృందపు సరంజామా చేతులు మారి, చివరకు పారిస్ చెంతనున్న ఒక గిడ్డంగిలో ఏండ్లతరబడి మగ్గెను. 1967 మొదలు 1973 వరకు సోదబీ సంస్థవారు వానిని వేలమువేసిరి. 1968లో లండనులోని స్కాలా నాటకశాలలో జరిగిన వేలమున బాలే పాఠశాల విద్యార్థులు ఆ ప్రాతవేషములనే తొడిగి రంగముపై కదలి చూపిరి. నేటి పరిరక్షకులు ఆ మాట విన్నచో గుండెలు బాదుకొందురు. కాని ఆనాడు చూచినవారికి బట్ట కదలినప్పుడుగాని బోధపడని సంగతులు ఎన్నియో బోధపడెను. ఆ వేషములలో అనేకములు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ ప్రదర్శనశాలకును, ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలకును చేరెను.

అమెరికా నృత్యపరిశోధకురాలు మిలిసెంట్ హాడ్సన్, కళాచరిత్రకారుడు కెన్నెత్ ఆర్చర్ కలిసి, దక్కిన వేషములను, చిత్తుబొమ్మలను, ప్రత్యక్షసాక్షుల జ్ఞాపకములను, స్వరప్రతిలోని గుర్తులను ఏండ్లతరబడి జోడించి, 1987లో జాఫ్రీ బాలే వారిచే లాస్ ఏంజెలిస్‌లో ఆ నృత్యమును పునరుద్ధరింపజేసిరి. రోరిఖ్ వేషములు దళసరి ఉన్నిబట్టతో కుట్టినవి. అంచులనిండ వలయములు, చతురస్రములు చిత్రించినవి. మేలిపట్టుతో ఎగురు బాలే నర్తకికి అలవడిన తేలిక ఆ బట్టలో పొసగదు. భూమిని త్రొక్కుచు, పాదములు లోపలికి మళ్ళించి, గుంపులు గుంపులుగా వలయములు చుట్టు నృత్యమునకు ఆ బరువు తగినది. బట్టపై వలయములకును రంగముపై వలయములకును సంబంధము కలదని హాడ్సన్ భావించెను. ఈ పునరుద్ధరణము ఎంతవరకు యథాతథమను వాదము పండితులలో ఇంకను సాగుచున్నది, సాగుటయే మంచిది. వేషము సాక్షి యగునే కాని న్యాయమూర్తి కాదు.

ఆ వేషములలో నడుముపట్టీల లోపల సిరాతో వ్రాసిన నర్తకుల పేర్లు కానవచ్చును. ఒకటి కొట్టివేసి మరియొకటి, అదియు కొట్టివేసి వేరొకటి. కార్యక్రమపత్రములలో చోటు దొరకని గుంపునర్తకుల చరిత్ర అనేకపర్యాయములు ఇట్టి పట్టీలలోనే మిగిలినది.

> నాటకముకన్న గౌను ప్రియము
>
> షేక్స్పియరు కాలపు లండనులో నాటకశాల యజమాని ఫిలిప్ హెన్స్‌లో లెక్కలపుస్తకము ఒకటి దక్కినది. 1603లో థామస్ హేవుడ్ వ్రాసిన ఒక నాటకమునకు కవికి ముట్టినది 6 పౌనులు. అదే నాటకములో నాయిక తొడుగు నల్లని ముఖమలు గౌనుకు అయినది 6 పౌనుల 13 షిల్లింగులు.

దూరపు నునుపు

చెక్ దేశములో చెస్కీ క్రుమ్లొవ్ అను ఊరి కోటలో 1766 నాటికి రూపుదిద్దుకొన్న ఆస్థాన నాటకశాల తెరలు, యంత్రములు, దీపములు, వేషములు సహితముగా నేటికిని నిలిచియున్నది. అట్టి చోట పరిశోధకుడు గ్రహించు సత్యము ఒకటి కలదు: చెంతనుండి చూచినప్పుడు నాటకపు బట్ట మోటుగా, పొడుగుకుట్లతో, చవుకరేకుల తళుకులతో ఉండును, కొవ్వొత్తుల వెలుగున, కొన్ని గజముల దూరమున అదియే రాజవస్త్రమగును. దర్జీ కొలిచినది బట్టను మాత్రమే కాదు, రంగమునకును ప్రేక్షకునకును నడుమనున్న దూరమును గూడ కొలిచినాడు. దీపములు మారినప్పుడు ఆ కొలత తప్పును. అందుచే వేషపు మెరుపును లెక్కించి నాటకశాల వెలుగును ఊహింపవచ్చును.

మన పెట్టెలు ఏమి చెప్పగలవు?

ఈ విద్య మనకు దూరదేశపు వేడుకగా తోచవలసిన పనిలేదు. బరువైన నగలు నటుని అలసటపాలు చేయునని, లక్కతోను పలుచని రేకులతోను తేలికగా చేయవలయునని నాట్యశాస్త్రమే హెచ్చరించుచున్నది. కూచిపూడివారు తమ కిరీటములను, భుజకీర్తులను తేలికయైన బూరుగుకఱ్ఱతో చేయించుకొనిన రహస్యమిదియే. కాగడాల వెలుగున, గుగ్గిలము చల్లగా భగ్గున లేచు మంటలో, ఆ కఱ్ఱపై అతికిన తళుకులు మెరయుటకును, లైసియమున జీరంగి రెక్కలు మెరయుటకును సూత్రమొక్కటే. పాత కిరీటమొకటి దొరికినచో దాని బరువునుబట్టి నటుని మెడ ఎంత చురుకుగా తిరిగెనో, మసినిబట్టి ఏ దీపము ముందు ఆడెనో చెప్పవచ్చును.

స్త్రీపాత్రలలో తెలుగువారిని సమ్మోహితులను చేసిన స్థానం నరసింహారావు, కూచిపూడి సత్యభామగా వాసికెక్కిన వేదాంతం సత్యనారాయణ శర్మ వంటివారి విషయమున ఈ శోధనము మరింత ఆసక్తికరమగును. పురుషదేహము స్త్రీగా మారుటలో ఎంత భాగము నడకది, ఎంత భాగము రవిక కోతది, ఎంత భాగము జడ బరువుది? భామాకలాపమున జడకు గల ప్రాధాన్యము మనకు తెలిసినదే. వీపుమీద అంత బరువు వ్రేలాడుచుండగా మెడ నిలిపిన తీరే ఒక అభినయము. ఛాయాచిత్రము ముందువైపును చూపి ఊరకుండును. రవిక లోపలి ఎత్తుబట్ట, జడను కట్టిన త్రాళ్ళు, భుజములపై రాపిడి తక్కినది చెప్పును.

1885లో కడప మండలములోని సురభి గ్రామమున 'కీచకవధ'తో ఆరంభమైన సురభి నాటకసమాజములో కుటుంబమే సమాజము. నటించువారే తెర లాగుదురు, నటించువారే వేషములు చూచుకొందురు. ఒకరి కోటు మరియొకరికి, ఒక తరపు కిరీటము మరియొక తరమునకు పోవుట అక్కడ సహజము. దానికి తోడు 1880వ దశాబ్దమున ధార్వాడ నాటకసమాజము వంటివి తెలుగు ఊళ్ళలో తిరిగినప్పుడు మన పురాణపురుషులకు ముఖమలు అంగీలు, జలతారు అంచులు మక్కువయైనవి. ద్వాపరయుగపు దుర్యోధనుడు ముఖమలు కోటుతో పద్యమెత్తుకొనుటలోని ఔచిత్యమును పరిహసించుట సులభము. ఆ ముఖమలు ఎక్కడిది, ఆ కోత ఎవరిది అని విచారించినచో మన నాటకము ఏ బాటల వెంట నడచి వచ్చెనో తెలియును. వేషపుదుస్తులు అద్దెకిచ్చు అంగళ్ళ సంగతి ఇంకను విచిత్రము: ఒకే అంగీ ఈ రాత్రి ఒక ఊర కృష్ణుడు, రేపు మరియొక ఊర రాముడు, ఎన్ని సమాజముల చెమట దానిలో కలసెనో లెక్కలేదు. ఏ గ్రంథములోను లేని సంచారచరిత్ర అట్టి అంగీలో నున్నది.

ఉతికినచో పోవునది

వేషములు నశించుటకు శత్రువులు చాల కలవు. చెమటలోని ఉప్పు, పులుపు పట్టును తినివేయును, జరీ కిలుమెక్కును, చిమ్మట ఉన్నిని కొరుకును, తేమ బూజు పుట్టించును. వీనికన్న మిన్నయైన శత్రువు మన సద్బుద్ధియే. తాతగారి వేషమును ప్రదర్శనశాలకు ఇచ్చుటకుముందు చక్కగా ఉతికి, చిరిగినచోట క్రొత్తబట్ట వేసి, వెలిసిన తళుకులు పీకి క్రొత్తవి కుట్టి ఇత్తుము. మనకు అది గౌరవము. పరిశోధకునికి అది అక్షరములు తుడిచివేసిన శాసనము. చెమటను ఉంచవలెనా, తొలగింపవలెనా అని పెద్ద ప్రదర్శనశాలలవారు సైతము తర్జనభర్జనలు పడుదురు. చెమట బట్టను తినివేయుట నిజము, చెమటయే సాక్ష్యమగుట అంతకన్న నిజము. వారు సాధారణముగా తెగించి ఉతుకరు; ముందు నమోదుచేసి, మచ్చలను పరీక్షించి, అత్యవసరమైనంతమేరకే తాకుదురు.

ఈ పనిలో మొదటి మెట్టునకు ధనము అక్కరలేదు. పెట్టె తెరచినవారు వేషమును ముందు, వెనుక, లోపల ఫొటోలు తీసి, ఎవరు, ఏ పాత్రకు, ఏ కాలమున తొడిగిరో తెలిసినంత ఒక నాడాపై వ్రాసి వదులుగా కట్టవలెను. ప్లాస్టిక్ సంచులలో బిగింపక, ఉతికిన పాత నూలుబట్టలో చుట్టి, మడతలు పడుచోట బట్ట ఉండచుట్టి పెట్టి, తేమలేని చోట ఉంచవలెను. విశ్వవిద్యాలయముల రంగస్థలశాఖలలో ఏటేట పరిశోధనకు విషయములు వెదకికొను విద్యార్థులు ఒక సమాజపు పెట్టెను ఆసాంతము పరిశీలించి పట్టిక వ్రాసినచో అది ఒక నాటకప్రతిని పరిష్కరించినదానికి తీసిపోదు.

అన్నిటికంటె ముందు చేయవలసిన పని మరియొకటి కలదు. తెర వెనుక నటులకు వేషములు తొడిగినవారు, హుక్కు ఊడినప్పుడు పిన్నీసు గ్రుచ్చినవారు, ఒక ఘట్టమునకును మరియొక ఘట్టమునకును నడుమ రెండు పద్యముల వ్యవధిలో రాజును సన్న్యాసిగా మార్చినవారు కొందరు ఇంకను మన ఊళ్ళలో నున్నారు. నటులకు సన్మానములు జరుగుచున్నవి, వీరిని అడిగినవారు తక్కువ. చంకలో అతుకు ఎందుకు పడెనో, నడుమున మడత ఎవరికొరకు విప్పిరో చెప్పగలవారు వీరే. బట్ట నూరేండ్లు ఆగినను ఆగును. దానిని చదివి చెప్పగల మనిషి అంతకాలము ఆగడు. కావున రాబోవు ఏప్రిల్ 16న జరుగు సభలలో నటులతో సమానముగా ఒక వేషధారణపువానిని వేదికపైకి పిలిచి, ఒక పాత వేషమును అతని చేతికిచ్చి, లోపలివైపు త్రిప్పించి మాటాడించుట నాటకసమాజములు తలపెట్టదగిన మొదటి కార్యము.